పసుపు గడప దాటలేని దయ్యం

నేను దయ్యాల ప్రేమకథలు రాస్తాను. పదహారూ పదిహేడేళ్ళ ఆడపిల్లల కోసం రాస్తాను. ఈ రెండు ముక్కలూ వరసగా చెబితే మా నరసరావుపేటలో చదువుకున్నవాళ్ళ మొహాలు ఎలా మారతాయో నాకు కంఠతా వచ్చు. ముందు చిన్నగా నవ్వుతారు. తర్వాత "మంచిదేలెండి, ఖాళీగా ఉండేకంటే" అంటారు. ఆపైన తాము కాలేజీ రోజుల్లో రాసుకున్న కవిత ఒకటి వదుల్తారు. అందుకని పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే జాకెట్లు కుడతానని చెప్పడం అలవాటు చేసుకున్నాను. జాకెట్లు కుట్టే మనిషికి ఈ ఊళ్ళో పని ఉంది, పరపతి ఉంది. పైగా ఎవరూ తాము కుట్టిన జాకెట్టు తెచ్చి నాకు చూపించరు.

అంతకుముందు నేను తెలుగు చెప్పేదాన్ని. ఊళ్ళో వీధికొకటి ఉన్న ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లో ఒకదాంట్లో పదకొండేళ్ళు చెప్పాను. తెలుగు తీసుకుంటే మార్కులు పడవనీ, సంస్కృతం తీసుకుంటే కుప్పలుగా పడతాయనీ తల్లిదండ్రులు కనిపెట్టారు. ఆ సంస్కృతమైనా పిల్లలకు వచ్చి చచ్చేది లేదు. పది జవాబులు బట్టీపట్టి పరీక్షలో కక్కి రావడమే. నా క్లాసు ఏటేటా చిక్కిపోయి చివరికి నలుగురు మిగిలారు. "నలుగురి కోసం ఒక మేడమ్‌ని ఎట్టా పెట్టుకోమంటారండీ" అన్నాడు ప్రిన్సిపాల్, తప్పు నాదైనట్టు. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగు మీద ప్రేమతో వచ్చినవాళ్ళు కూడా కాదు, ఫారం మీద తప్పు గడిలో టిక్కు పెట్టి వచ్చినవాళ్ళు.

ఉద్యోగం పోయేముందు స్టడీ అవర్‌లో ఒక పిల్ల దగ్గర లాంగ్ నోట్‌బుక్ లాక్కున్నాను. కెమిస్ట్రీ అని అట్ట మీద రాసుంది. లోపల మాత్రం కథ. హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు కదా, ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఫోన్లో కథల యాప్ తెరిచి, అందులో కథను చేత్తో నోట్‌బుక్‌లోకి ఎక్కించుకొచ్చి గదిగదికీ తిప్పుతున్నారు. తెలుగు పాఠంలో ఒక పద్యం రాసుకురమ్మంటే చెయ్యి నొప్పి అని ఏడ్చే పిల్లలు ఎనభై పేజీలు ఎక్కించారు. ఆ కథలో ఒక దయ్యం ఒక అమ్మాయిని ప్రేమిస్తుంది. వాక్యానికి మొదలుంటే చివర లేదు, చివరుంటే అర్థం లేదు. ఇంత చెత్త నేనూ రాయగలను, వాక్యమైనా సరిగా ఉంటుంది అనుకున్నాను. నా సాహిత్య జీవితానికి ప్రేరణ అదే. ఇంతకంటే గొప్పది చెప్పమంటే అబద్ధం చెప్పాల్సివస్తుంది.

ఈ కథలకు ఒక వంటపద్ధతి ఉంది. అబ్బాయి చచ్చిపోయి ఉండాలి, కాని చచ్చినవాడిలా ఉండకూడదు. పొడుగ్గా ఉండాలి. జుట్టు నుదుటి మీద పడుతుండాలి. అమ్మాయి మామూలుగా ఉండాలి. ఎంత మామూలుగా ఉంటే అంతమంది పిల్లలు అది తామేననుకుంటారు. అతను ఆమె ఒక్కదానికే కనపడాలి, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అతనికి తల్లి ఉండకూడదు. ఇది నేను సొంతంగా కనిపెట్టిన సూత్రం. తల్లి ఉన్న కుర్రాడు ప్రేమకథకు పనికిరాడు. తిన్నావా అంటుంది, ఎక్కడికంటుంది, ఆ పిల్లెవరంటుంది. నాలుగు పేజీలు తిరిగేసరికి కథ ఆమె చేతిలోకి వెళ్ళిపోతుంది. అందుకని నా కథానాయకుల తల్లులు మొదటి భాగంలోనే పోతారు. మొదటి రెండు నవలల్లో కొండవీటి కోటలో తిరిగే రాకుమారులను పెట్టుకున్నాను. వాళ్ళు పోయి ఆరువందల ఏళ్ళు దాటింది కాబట్టి తల్లుల బెడదే లేదు.

ఆ రెండూ యాప్‌లో బాగానే నడిచాయి. "సూపర్ అక్కా", "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడక్కా", పది ఎర్ర గుండెకాయలు. నా పాఠకుల విమర్శ అంతటితో సరి. ఆఖరికి వాళ్ళకు కోట మీద మొహం మొత్తింది. "అక్కా, ఇప్పటి అబ్బాయిని పెట్టవా" అన్నారు. పెట్టాను. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చునే బీటెక్ కుర్రాడు. ఏడాది కిందట చచ్చిపోయాడు. కండక్టరుకు కనపడడు, టిక్కెట్టు తీసుకోడు. రోజూ అదే బస్సులో కాలేజీకి వెళ్ళే అమ్మాయికి మాత్రం కనపడతాడు. పిల్లలకు పిచ్చెక్కింది.

పదమూడో భాగం కింద ఎవరో పిల్ల అడిగింది: "అక్కా, ఇతనికి ఇల్లు లేదా? వాళ్ళమ్మ ఏడవదా?" నాకు ఒళ్ళు మండింది. ఇప్పటి అబ్బాయి కాబట్టి తల్లిని చంపడం మర్చిపోయాను. ఇప్పుడు చంపితే అతకదు. సరే, ఒకసారి ఇంటికి తీసుకెళ్ళి వదిలించుకుందామనుకున్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు వంటింటి గట్టు మీదే ఫోన్లో కొట్టేశాను. ఆ ముక్క ఇది:

"అతను తన ఇంటి ముందు ఆగాడు. గడప మీద పసుపు నిగనిగలాడుతోంది. పసుపు రాసిన గడపను చనిపోయినవాళ్ళు దాటలేరు. కరెంటు స్తంభం పక్కన నిలబడి, లోపల తిరుగుతున్న అమ్మ నీడను కాసేపు చూశాడు. తర్వాత తన కోసం ఎదురుచూసే కళ్ళను వెతుక్కుంటూ వెనక్కి తిరిగాడు."

ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. పసుపు గడపకు దుష్టశక్తులు రావని మా అమ్మమ్మ అనేది, అంతే. దుష్టశక్తికీ కన్నకొడుక్కీ మధ్య ఉన్న తేడా ఆ పూట నాకు పట్టలేదు. ఆ భాగానికి ఎన్నడూ రానన్ని గుండెకాయలు వచ్చాయి.

అది పూర్తయ్యాక అచ్చు వేయించాలనిపించింది. హాస్టల్ పిల్లలు చేత్తో ఎక్కించుకునే బాధ తప్పుతుందని అందరికీ చెప్పాను. అసలు సంగతి, పుస్తకం అట్ట మీద నా పేరు చూసుకోవాలని. మా ఊళ్ళో పుస్తకానికి అట్ట వేసేదెవరంటే ఫ్లెక్సీ షాపాయనే. నాయకుడి పుట్టినరోజుకూ, ఓణీల ఫంక్షన్‌కూ, చచ్చిపోయినవాళ్ళ అశ్రునివాళికీ, పుస్తకాలకూ ఆయనే దిక్కు. అన్నిటికీ ఒకే అక్షరాలు, ఒకే పూల అంచు. "ఉత్తరాది మోడల్ మొహం వద్దండీ, మన పక్క కుర్రాడిలా ఉండాలి" అన్నాను. మర్నాటికల్లా వేసి చూపించాడు. వెన్నెల, బస్సు, బస్సు మీద మేఘాల్లో ఒక కుర్రాడి మొహం. కళ్ళు మాత్రం ఎర్రగా నిప్పుల్లా పెట్టాడు. దయ్యం కదా మరి. మొహం ఎంత బాగుందంటే నేను రాసిన కుర్రాడికన్నా బాగుంది. చొక్కా కాలరు పక్కన పసుపుపచ్చగా ఏదో పూరేక లాంటిది ఉంది. అదేంటంటే "డిజైన్ మేడమ్" అన్నాడు. నమ్మాను. నమ్మడం నాకు హాయిగా ఉంది కాబట్టి నమ్మాను.

పుస్తకాలు వచ్చాక మా ఊరి సాహిత్య సభకు ఒక కాపీ పట్టుకెళ్ళాను. ఆ సభలో పాతికమంది ఉంటారు. పాతికమందీ కవులే. ఒకరి పుస్తకం ఇంకొకరు ఆవిష్కరించి, ఇంకొకరు సమీక్షించి, అందరూ కలిసి శాలువాలు మార్చుకుంటారు. ఒకే శాలువా మూడేళ్ళలో నలుగురి భుజాల మీద తిరగడం నా కళ్ళతో చూశాను. తమ పుస్తకాలు ఎవరూ కొనకపోవడానికి కారణం ఈ తరానికి భాష రాకపోవడమేనని ప్రతి సభలోనూ తీర్మానిస్తారు. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా? అధ్యక్షుడుగారు నా పుస్తకాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు ఎత్తి, అట్ట చూసి, కింద పెట్టి, "పిల్లలకు కాలక్షేపం" అన్నారు. ఆయన పుస్తకాలు ఆయన మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయని వాళ్ళావిడ నాతో చెప్పింది. ఆ మాట అక్కడే అనేసి వచ్చాను. ఆ తర్వాత నన్ను పిలవలేదు. నేనూ ఏడవలేదు.

ఆషాఢమాసం చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది.

నా ఈడే ఉంటుంది. నేత చీర, చేతిలో బట్టల షాపు సంచి. తలుపు తీయగానే, "పుస్తకాలు రాసేదానివి నువ్వేనా?" అంది. పుస్తకం వెనకాల అడ్రసు వేయించడం నా బుద్ధితక్కువ పని. పిల్ల చదువు పాడైందని తిట్టడానికి అప్పటికే ముగ్గురు తల్లులు వచ్చి వెళ్ళారు. ఈమె నాలుగో ఆమె అనుకున్నాను. నా దగ్గర సిద్ధంగా ఉన్న ఉపన్యాసం ఒకటి ఉంది. కుర్చీ చూపించి మొదలుపెట్టాను.

"చూడమ్మా, మీ అమ్మాయికి మార్కులు రాకపోతే నా పుస్తకం కారణం కాదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పిల్లను ఒక గదిలో పెట్టి రుబ్బుతుంటే అది దయ్యాన్నే ప్రేమిస్తుంది, మనుషులు ఎక్కడ కనపడతారు? ముందు మీరు ఆ కాలేజీవాళ్ళను అడగండి..." ఇలా ఓ అయిదు నిమిషాలు. ఇదంతా చెబుతున్నప్పుడు నాకు ఎప్పుడూ బాగుంటుంది. ఎదుటి తల్లి మొహం చిన్నబోవడం చూడటం నాకు ఇష్టం.

ఆమె మొహం చిన్నబోలేదు. చివరిదాకా విని, "అయిపోయిందా?" అంది. సంచిలోంచి నా పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన లామినేషన్ చేయించిన ఫొటో పెట్టింది. అదే కుర్రాడు. అదే తల వంపు, అదే చొక్కా. కాకపోతే ఈ ఫొటోలో మెడలో బంతిపూల దండ ఉంది, కింద దీపం బొమ్మ, పైన అశ్రునివాళి అన్న అక్షరాలు ఉన్నాయి. నా అట్ట మీద అక్షరాలు కూడా అవే తరహావి.

"ఈడు మావోడు" అంది. "రెండేళ్ళయింది పోయి. మాది నకరికల్లు పక్కన ఊరు. బండి మీద వత్తావుంటే హైవే మీద లారీ కొట్టింది."

నాకు ముందు కలిగింది జాలి కాదు, భయం. పోలీసులు, కేసు, పేపర్లో పేరు, ఆ శాలువాల వాళ్ళ నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "నాకు తెలియదమ్మా, ఫ్లెక్సీ షాపతను పెట్టాడు, ఒట్టు" అన్నాను. బంతిపూరేక సంగతి చెప్పలేదు.

"తెలవదులే. తెలిసి పెడతావా? ఎద్దు పుండు కాకికి ముద్దంట, ఎవరి గోల వాళ్ళది" అంది. "దానికి రాలేదు నేను. ఫొటో ఉండనీ. మంచి ఫొటో అది, కాలేజీలో చేరిన రోజున దిగాడు. ఆ కళ్ళేందమ్మా అట్టా పెట్టిచ్చావు? మావోడికి కోపమే రాదు."

తర్వాత మెల్లగా తెలిసింది. ఆమె కూతురు నరసరావుపేటలో ఇంటర్ చదువుతోంది. స్నేహితురాలి చేతిలో పుస్తకం మీద అన్న మొహం చూసి, లాక్కుని ఇంటికి తీసుకెళ్ళింది. తల్లికి చదువు రాదు. కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా మిరపకాయల తొడిమలు తుంచుకుంటూ పుస్తకం మొత్తం చదివించుకుని వింది. అట్ట నుంచి అట్టదాకా, రెండుసార్లు. నా పుస్తకాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరని బల్లగుద్ది చెప్పగలను.

"ఎట్టా ఉంది?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. రాసేవాళ్ళకు సిగ్గుండదు.

"ఏం బాలేదు" అంది. "మావోడు ఆడపిల్లతో మాట్టాడాలంటే తలకాయ వంచుకుని కాళ్ళకేసి చూత్తాడు. నువ్వేమో ప్రాణమా, దేవతా అని పేజీలు పేజీలు మాట్టాడిచ్చావు. అన్నం తినే ముక్క పుస్తకం మొత్తంలో ఒక్కటి లేదు. చచ్చిపోయినోడికి ఆకలుండదంటావు, సరే. మరి మాటలెందుకుంటయ్యి అన్ని?"

శాలువాల సభలో ఇన్నేళ్ళలో ఇంత పనికొచ్చే విమర్శ నేను వినలేదు. అయినా మండింది. "అది మీవాడు కాదమ్మా, నేను కల్పించిన కుర్రాడు" అన్నాను పొడిగా.

"అది సరే" అంది. "ఇప్పుడు నేను వచ్చిన పని చెప్తా ఇను. మా గడప సంగతి."

పసుపు గడప దాటలేక అతను వెనక్కి తిరిగిన ముక్కను కూతురు చదివిన రోజు నుంచి ఆమె గడపకు పసుపు రాయడం మానేసింది. ఉన్న పసుపును కడిగేసింది. ఇంట్లో అత్తగారు ఉంది. కలిగిన రైతు కుటుంబం, కోడలు శుక్రవారం నాడు గడపకు పసుపు పెట్టకపోతే ఆవిడ ఊరుకుంటుందా? కోడలు చేలోకి వెళ్ళగానే తనే నిండా రాసేస్తుంది. సాయంత్రం ఈమె వచ్చి కడుగుతుంది. మూణ్ణెల్లుగా ఇదే వరస. చచ్చినవాడి కోసం బతికున్నవాళ్ళ ఇంటిని అరిష్టం చేస్తున్నావని మొగుడు చెయ్యి కూడా ఎత్తాడట. ఇప్పుడు శ్రావణం వస్తోంది. శ్రావణ శుక్రవారం గడప బోసిగా ఉంటే తాను చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోతానని అత్తగారు తేల్చి చెప్పింది.

"పెట్టండమ్మా పసుపు" అన్నాను. "అది ఒట్టి కథ. ఆ నియమం నేనే కల్పించాను, నా మాట నమ్మండి."

"తెలుసమ్మా. నాకేం పిచ్చి లేదు" అంది. "నువ్వు కల్పించిందే గదా, అందుకే నీ దగ్గరికొచ్చా. దేవుడు పెట్టిందైతే గుడికి పోయేదాన్ని. అబద్ధమని తెలుసు. పసుపు గిన్నె పట్టుకుంటే మాత్తరం చెయ్యి పోవట్లా. రేపు వాడు వచ్చి, గడప చూసి, మా అమ్మే అడ్డం పెట్టిందనుకుంటే?"

బల్ల మీది నా పుస్తకాన్ని అట్ట కిందికి తిప్పి పెట్టాను.

"ఆ బస్సులో పిల్లకి వీడు మూణ్ణెల్లు తెలుసు" అంది మళ్ళీ. "దాని ఇంట్లోకి పోతాడు, దాని కాలేజీలోకి పోతాడు, మిద్దెక్కుతాడు. పంతొమ్మిదేళ్ళు పెంచినదాని ఇంటికాడికి వచ్చేసరికి వీధిలో నిలబెట్టావు. ఎందుకమ్మా?"

ఎందుకంటే కుక్కర్ మూడో కూత కూసింది. అసలు జవాబు అది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పదకొండేళ్ళు పాఠాలు చెప్పి, ముగ్గురు తల్లుల్ని నోరెత్తకుండా పంపి, సభాధ్యక్షుడి మంచం కింద పెట్టెల సంగతి సభలోనే అన్న నోరు అది. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"పసుపున్నా రావచ్చని ఒక్క ముక్క రాయి. నువ్వే పెట్టావు గాబట్టి నువ్వే తియ్యి. ఆ తర్వాత నా చేత్తో నేనే పెట్టుకుంటా" అంది.

రాస్తానన్నాను. పుస్తకాలు ఎటూ అచ్చయిపోయాయి, యాప్‌లో మాత్రం మార్చవచ్చు. కాగితం తీసుకుని, ఇంటికి వస్తే అతను ఏం చేస్తాడో చెప్పమన్నాను. ఆమె ఆలోచించలేదు కూడా. "చెప్పులు గడప మీదే ఇడుత్తాడు. లక్ష్మీదేవిరా, గడప మీద చెప్పులేందిరా అని ఎన్నిసార్లు తిట్టానో. కూరేంది అంటాడు. దొండకాయంటే మొహం మాడ్చుకుంటాడు. చెల్లెలి జడ పట్టుకుని లాగుతాడు. అంతే. ఇంకేం చేత్తాడు?" ఆమె వెళ్ళేముందు టీ ఇస్తే తాగింది. బస్సుకు వేళవుతోందని ఫొటోను చీర చెంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఫ్లెక్సీ షాపుకు వెళ్ళి కడిగేశాను. వాడు కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా విన్నాడు. "మీరే గదా మేడమ్ మన పక్క మొహం కావాలన్నారు. మీ కథలో చచ్చిపోయినోడే, ఈడూ చచ్చిపోయినోడే. ఇంక దోషమేముంది?" అన్నాడు. ఎంత వెతికినా నాకూ వాడికీ తేడా దొరకలేదు. ఎర్ర కళ్ళు తీసి మామూలు కళ్ళు పెట్టించి, యాప్‌లో ఉన్న అట్ట మార్పించి వచ్చాను. అదే ఫొటోకు దండ తీసి, దయ్యం చేసి, మళ్ళీ మనిషిని చేయడానికి వాడికి పట్టిన సమయం ఒక టీ తాగినంత.

పద్నాలుగో భాగం తిరగరాశాను. పసుపు దాటలేరన్న వాక్యం తీసేశాను. అతను వచ్చాడు, చెప్పులు గడప మీద విడిచాడు, పసుపు తొక్కుకుంటూ లోపలికి వెళ్ళాడు, కూరేంటన్నాడు. తల్లి తిట్టింది. చెల్లెలి జడ పట్టుకుని లాగాడు. అంతకుమించి అందులో ఏమీ లేదు. నేను రాసినవాటిల్లో సిగ్గుపడకుండా చదువుకోగలిగింది అదొక్కటే, ఎందుకంటే అందులో నాదంటూ ఒక్క వాక్యం కూడా లేదు.

పాఠకురాళ్ళు మండిపడ్డారు. "అక్కా, ల్యాగ్ అయింది", "మదర్ సెంటిమెంట్ మాకెందుకక్కా", "హీరోయిన్ సీన్ తీసేసి ఈ దొండకాయ ఏంటి". లెక్కలు బాగా వచ్చిన పిల్ల ఒకతి పట్టుకుంది: "ముందు పసుపు దాటలేడన్నారు, ఇప్పుడు దాటాడు. ఘోస్ట్‌కి రూల్స్ ఉండాలి కదా?" చచ్చినవాడు బస్సెక్కితే నమ్మారు, ప్రేమిస్తే నమ్మారు. ఇంటికొచ్చి కూరేంటంటే మాత్రం నమ్మలేదు. నా కథలకు ఇన్నేళ్ళలో పడనంత తక్కువ రేటింగ్ పడింది. మొదటిసారి లెక్కచేయలేదు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. ఒక తల్లి గడపకు పసుపు పెట్టించిన రచన అని ఆ శాలువాల వాళ్ళకు ఎప్పటికైనా చెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను. వాళ్ళ కవితలన్నీ కలిసి ఒక్క గడపనైనా కదిలించాయా అని అడగాలనుకున్నాను.

వరలక్ష్మీవ్రతం వెళ్ళిన రెండు రోజులకు, మధ్యాహ్నం అన్నాలవేళ ఆమె ఫోన్ చేసింది.

"రాశావంటగా. పిల్ల పండక్కొచ్చి ఫోన్లో చదివి ఇనిపించింది" అంది. "బానే రాశావమ్మా. అచ్చం వాడే."

నా ఒళ్ళు పొంగింది. "పసుపు పెట్టారా?" అన్నాను.

"పెట్టా. శుక్రవారం పొద్దున్నే లేచి నా చేత్తో గడప నిండా పెట్టా. మా అత్త చూసి ఏడ్చింది. తలుపు బార్లా తీసి పెట్టా. దొండకాయ చెయ్యలా, వంకాయ చేశా. పూజ కూడా వాకిలి కనపడేటట్టు కూచుని చేసుకున్నా. పొద్దు గూకిందాకా చూశా. రాలేదమ్మా."

"అమ్మా, అది కథ..." అన్నాను.

"తెలుసమ్మా, తెలుసు. మొదట్నించీ తెలుసు" అంది. "కాకపోతే అంతకుముందు పసుపు అడ్డం ఉండేది. నేను కడగడం, మా అత్త రాయడం. అందుకని రాలేకపోతన్నాడు, ఆ స్తంభం పక్కనే ఉన్నాడు అనుకునేదాన్ని. పేడనీళ్ళు చల్లేటప్పుడు కూడా అటు పడకుండా చూసుకునేదాన్ని. చెత్త పారబోయడానికి పోయినా ఒకసారి అటు చూసేదాన్ని. ఇప్పుడు అడ్డమేం లేదు గదా."

ఆమె గొంతులో కోపం లేదు. "మళ్ళీ పాతదే పెట్టమంటారా? ఒక్క నిమిషం పని. ఇప్పుడే పెడతాను" అన్నాను.

"ఇంకెందుకులేమ్మా" అంది. "తెలిసిపోయింది గదా."